కడుగునీటి సాక్ష్యము

బియ్యము కడిగిన నీరు తెలుగింట నిత్యము కుడితికుండలో పడు వస్తువు. ఆ తెల్లని నీటితో ఒక మహామారిని పోల్చి చెప్పవలసివచ్చుట దుఃఖకరమే యైనను, విషూచి (కలరా) సోకినవాని దేహమునుండి గంటగంటకు వెడలిపోవు ద్రవమునకు అంతకంటె యథార్థమైన ఉపమానము దొరకలేదు. ఇంగ్లీషు వైద్యగ్రంథములు సైతము ఆ కడుగునీటినే పేర్కొనినవి. అందు మలమునకు సహజమైన వర్ణము లేదు, గంధము లేదు. దూదిపింజలవంటి తెల్లని తునుకలు మాత్రము తేలుచుండును. ఉదయమున చేనిలో పనిచేసిన మనుష్యుడు ఆ నీటిరూపముననే కరిగిపోయి, కన్నులు లోతునకు దిగి, చేతివ్రేళ్ల చర్మము ముడుతలుపడి, సాయంకాలమునకు చల్లబడిపోవుట చూచినవారు ఆ వ్యాధిని పేరుపెట్టి పిలుచుటకు సైతము జంకిరి. వంగీయులు దానిని ‘ఓలాఉఠా’ యనిరి. దిగుటయు ఎక్కుటయు, అనగా భేదియు వాంతియు, అని ఆ మాటకు అర్థము. తెలంగాణమున అది గత్తర. సర్కారు జిల్లాలలో మరిడి. వంగదేశమున హిందువులు ఓలాయిచండిని, ముస్లిములు ఓలాబీబీని శరణుచొచ్చినట్లే ఇక్కడ మనవారు మరిడమ్మకు మ్రొక్కుకొనిరి. పసుపునీళ్లు చల్లి, వేపమండలు కట్టి, అమ్మవారిని పొలిమేర దాటించి వచ్చిన పల్లెవాసుల భయమును నేను చిన్నచూపు చూడజాలను. శత్రువు ఏ త్రోవను వచ్చెనో తెలియనివానికి పొలిమేరయే గదా చివరి ఆశ!

ఆ త్రోవను కనిపెట్టిన నగరము కలకత్తా. రోగి విడిచిన కడుగునీటిని సాక్షివలె నిలువబెట్టి ప్రశ్నించుట ఎట్లో లోకము నేర్చుకొన్నది అక్కడనే.

మలపరీక్ష మన దేశమునకు క్రొత్తది కాదు. నాడి, మూత్రము, మలము, జిహ్వ, శబ్దము, స్పర్శ, దృక్కు, ఆకృతి అను అష్టస్థానములను పరీక్షించినగాని ఆయుర్వేదవైద్యుడు మందు నిర్ణయింపడు. ఆమముతో కూడిన మలము నీట మునుగుననియు, పక్వమైనది తేలుననియు చరకసంహిత చెప్పుచున్నది. రోత మాని, పాత్రలో నీరు తెప్పించి, వంగి చూచిన ఆ ప్రాచీనవైద్యుని ఓర్పు గౌరవింపదగినది. ఐనను అతడు అడిగిన ప్రశ్న రోగి జఠరాగ్నిని గూర్చినది: వీని కడుపులో ఏమి జరుగుచున్నది? కలకత్తాలో పుట్టిన పరీక్ష అడిగిన ప్రశ్న వేఱు. ఇది వీని కడుపులోనికి ఎక్కడనుండి వచ్చినది, ఇక ఎక్కడికి పోవును? మొదటిది ఒక దేహమును గూర్చిన ప్రశ్న; రెండవది ఒక ఊరిని గూర్చినది.

ఆ ఊరి నీటి కథ కొంత చెప్పవలసియున్నది. 1817వ సంవత్సరమున జెస్సూరు ప్రాంతమున ప్రజ్వరిల్లిన విషూచి కలకత్తాను ముంచి, అటుపై సైన్యములతోను, ఓడలతోను దేశదేశములకు ప్రాకి, మొదటి ప్రపంచమహామారియై చరిత్ర కెక్కినది. గంగాముఖమునందలి పల్లపుభూమి అది. గుడిసె వేయదలచినవాడు పునాదిని ఎత్తుచేయుటకు ప్రక్కనే మట్టి త్రవ్వును. త్రవ్విన గోయి వానకు నిండి ‘పుకుర్’ అగును. ఆ పుకురే ఆ వాడకు స్నానఘట్టము, చాకిరేవు, త్రాగునీటి చెరువు. 1870 నాటికి పల్తావద్ద హుగ్లీ నీటిని వడగట్టి గొట్టములగుండ నగరమునకు పంపు ఏర్పాటు జరిగినది. ఆ నీరు చేరిన ఫోర్ట్ విలియం కోటలోను, దొరల పేటలలోను మరణములు తగ్గినవి. బస్తీలకు పుకురే మిగిలినది. నీటికిని వ్యాధికిని ఏదో బాంధవ్యము కలదని ఎఱిగినవారు అప్పటికే కలరు. లండనునగరమున జాన్ స్నో 1854లోనే బ్రాడ్ వీథి పంపుచుట్టు మృతులను లెక్కించి ఆ సంగతి వాదించియుండెను. అదే యేట ఫ్లారెన్సునగరమున ఫిలిప్పో పచీనీ యనునాతడు మృతుల ప్రేగులలో కదలాడు సూక్ష్మజీవులను చూచి బొమ్మలు గీసి ప్రకటించెను గాని, ఆ పత్రమును చదివినవారు లేకపోయిరి. నీరు నేరస్థలమని ఒకడు, నేరస్థుని రూపమిది యని మఱియొకడు ఒకే సంవత్సరమున చెప్పినను, ఆ రెండింటిని కలుపు సాక్ష్యము ముప్పదియేండ్లవరకు రాలేదు.

1883వ సంవత్సరమున ఈజిప్టులో విషూచి చెలరేగగా జర్మనులును, ఫ్రెంచివారును చెరియొక పరిశోధకబృందమును అలెగ్జాండ్రియాకు పంపిరి. ఫ్రెంచి బృందమునందలి యువకుడు లూయీ త్యులియే ఆ వ్యాధికే బలియయ్యెను. జర్మను బృందనాయకుడు రాబర్ట్ కాఖ్, మృతుల ప్రేగుల గోడలలో ఒక విధమైన సూక్ష్మజీవిని చూచినను, దానిని విడిగా పెంచి చూపుటకు ముందే అచ్చట వ్యాధి శాంతించుటచే, వ్యాధి ఎన్నడును శాంతింపని చోటును వెదకుచు ఓడనెక్కి డిసెంబరు 11వ తేదీన కలకత్తా చేరెను. వైద్యకళాశాల ఆసుపత్రిలో అతనికిని, అతని సహచరులైన గాఫ్కీ, ఫిషరులకును ప్రయోగశాలకు స్థలమిచ్చిరి.

అచ్చట అతడు చేసిన పని వినుటకు సులువుగ తోచును. మృతుల ప్రేగులలోని ద్రవమును, జీవించియున్న రోగుల కడుగునీటిని అత్యల్పముగ తీసి, వెచ్చచేసి కరగించిన జెలాటిన్ అను జిగురుపదార్థమున కలిపి, గాజుపలకపై పలుచగ పోసి ఆరనిచ్చుట. గడ్డకట్టిన ఆ జిగురులో ఒక్కొక్క జీవి ఉన్నచోటనే ఉండి సంతానముతో చిన్నచుక్కగా పెరుగుట. ఆ చుక్కలలో దేని రూపమేదో భేదించి తెలిసికొనుట. విషూచి జీవి చుక్క అంచు నొక్కులు నొక్కులుగ నుండి, చుట్టునున్న జెలాటిన్‌ను మెల్లగ నీరుచేయుచు చిన్నగుంటలోనికి దిగును. 1884 జనవరి 7వ తేదీన శుద్ధముగ వేఱుపడినదని బెర్లినునకు వ్రాసెను. ఫిబ్రవరి 2వ తేదీ నివేదికలో దాని రూపమును వర్ణించెను: ఇతర దండాకారజీవులవలె తిన్నగ నుండక, కామా గుర్తువలె కొంచెము వంగియున్నది. అతిసారముచేతను, ఇతర వ్యాధులచేతను మరణించినవారిని సైతము అంతే శ్రద్ధతో పరీక్షించి, వారి ప్రేగులలో ఆ వంపుజీవి లేదని నిర్ధారించుకొనెను. ఈ రెండవ పనియే నాకు ఎక్కువ పూజ్యముగ తోచుచున్నది. వెదకినచోట దొరకినదని చెప్పుటకు ఉత్సాహము చాలును, వెదకిన ఇతరస్థలములలో లేదని చెప్పుటకు నిష్ఠ కావలయును.

ఆ నిష్ఠయే అతనిని ఆసుపత్రి దాటించినది. తడిసిన బట్టపై ఆ జీవి ఒకదినములో అసంఖ్యాకముగ వృద్ధిపొందుట, ఎండినచో చచ్చిపోవుట అతడు గమనించియుండెను. నగరము అంచున ఒక పుకుర్ చుట్టునున్న గుడిసెలలో కొందఱు విషూచిచే మరణించిరని తెలియగా ఆ నీటిని తెప్పించి గాజుపలకలపై పోసెను. అందు అదే నొక్కుల చుక్క, అదే కామా కానవచ్చినది. మొదట మరణించినవాని బట్టలను ఆ పుకురులోనే ఉతికిరనియు, ఆ నీటినే ఆ గుడిసెలవారు త్రాగుచుండిరనియు విచారణలో తేలినది. ఆ వాడలో వ్యాధి తగ్గుచున్నకొలది నీటిలోని జీవులును తగ్గినవి. స్నో నేరస్థలమును చూపెను, పచీనీ నేరస్థుని చూపెను. ఇప్పుడు ఒకే అద్దముక్రింద కడుగునీరును, చెరువునీరును ప్రక్కప్రక్కన నిలిచి పరస్పరము సాక్ష్యమిచ్చినవి. ఆ పుకురునుండి నీరు తెచ్చినవారెవరో, ఆసుపత్రిలో ఆ పాత్రలను ఎత్తి కడిగినవారెవరో చరిత్రలో నమోదు కాలేదు. తోటివారు తాక నిరాకరించిన వస్తువును వారు తాకనిదే ఈ శాస్త్రమే లేదు.

లోకము వెంటనే తల యూపలేదు. కలకత్తాలోనే పనిచేయుచున్న వైద్యుడు కనింగ్‌హామ్ ఒప్పుకొనలేదు. ఇంగ్లండునుండి వచ్చిన పరిశోధకుడు క్లైన్ కాదనెను. మ్యూనిక్‌నగరపు వృద్ధుడు మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్, నేల దోషమే వ్యాధికి కారణమను తన మతమును నిలుపుకొనుటకై 1892 అక్టోబరులో ఆ జీవుల పెంపకపుద్రవమును సాక్షులయెదుట త్రాగి, స్వల్పమైన విరేచనములతో బయటపడెను. అతని మలమును పరీక్షించినపుడు అందు ఆ కామాజీవులు మాత్రము క్రిక్కిరిసియుండెను. వాదమున తాను గెలిచితినని అతడు భావించెను గాని, జీవి దేహములో నివసించుట వేఱు, వ్యాధి కలుగుట వేఱు అను కఠినసత్యమును తన దేహముతోనే అతడు లోకమునకు తెలిపెను. 1894లో విషూచిటీకాను కూర్చిన వాల్డెమార్ హాఫ్‌కిన్ కలకత్తాకు వచ్చినదియు ఒక బస్తీ చెరువునీటిలో ఈ జీవిని గుర్తించి చెప్పుటకే. వచ్చినవాడు ఆ బస్తీలలో తన టీకాను వేయ మొదలిడెను. ఆ కథ మఱొక వ్యాసమునకు చాలినంతటిది.

అప్పటినుండి ఆసుపత్రులలో ఈ పరీక్ష నిత్యకృత్యమైనది. కడుగునీటి బొట్టును గుంటయున్న గాజుపలకపై తలక్రిందుగ వ్రేలాడదీసి సూక్ష్మదర్శినిలో చూచినచో, రాత్రి ఆకాశమున చుక్కలు రాలినట్లు ఆ జీవులు దూసికొనిపోవుట కానవచ్చును. ఈ జీవికి క్షారగుణముగల నీరనిన ప్రీతి. కావున క్షారమైన పెప్టోన్ ద్రవములో మలమును కొద్దిగంటలుంచినచో తక్కిన జీవులకంటె ముందుగ ఇది పైకి తేలి పెరుగును. పల్లెలలో దొరకిన మలమును రోజులతరబడి ప్రయాణముచేయించి నగరపు ప్రయోగశాలకు చేర్చుటెట్లు? ఆ చిక్కును విప్పినవారు మన దక్షిణాదివారు: 1941లో వెంకట్రామన్, రామకృష్ణన్ అను ఇరువురు సముద్రపు ఉప్పుతో ఒక ద్రవమును కూర్చిరి, అందు వేసిన మలములో ఈ జీవి పెరుగకయు చావకయు నిలిచియుండును. సముద్రతీరపు మడుగులలో పుట్టిన జీవికి ఆ ఉప్పునీరు పుట్టింటివంటిదే గదా! పిమ్మట 1960ల దశకమున జపానువారు ఆకుపచ్చని పోషకఫలకమొకటి కనిపెట్టిరి. రాత్రి దానిపై మలమును గీసి వెచ్చనిపెట్టెలో నుంచినచో తెల్లవారుసరికి విషూచి జీవి పసుపుచుక్కలై కానవచ్చును.

ఇంత జరిగినను, పెట్టెన్‌కోఫర్ లేవనెత్తిన ప్రశ్న నిలిచియే యుండెను. ఆ జీవి రక్తములోనికి పోదు, ప్రేగుగోడను చీల్చుకొని లోనికి ప్రవేశింపదు; ప్రేగులో నివసించును, మనుష్యుడు నీరై చచ్చును. ఎట్లు? ఒక విషమేదో ఉండవలెనని కాఖ్ ఊహించియే యుండెను గాని దానిని చూపలేకపోయెను. తరువాతివారు కుందేళ్ల, చుంచెలుకల పొట్టలోనికి ఆ జీవులను సూదితో ఎక్కించి, జంతువు చచ్చినంతనే విషము దొరకినదని సంతసించి, వ్యాధి ఆనవాలు లేకపోవుటచే మరల నిరాశపడుచు డెబ్బదియేండ్లు గడపిరి.

హుగ్లీ జిల్లా గరీబాటీ గ్రామమున 1915లో పుట్టిన శంభునాథ డే ఆ చిక్కుముడిని విప్పెను. కలకత్తా వైద్యకళాశాలలో చదివి, లండనులో కామెరాన్ అను పండితునియొద్ద పరిశోధకపట్టమును పొందినవాడు; అక్కడ అతనికి అప్పగించిన విషయము వేఱు. స్వదేశమునకు మరలి నీలరతన్ సర్కార్ వైద్యకళాశాలలో చేరిన పిమ్మట, ఏటేట వేసవిలో ఆసుపత్రి నిండ పరుండుచున్న విషూచిరోగులను చూచి, తన పని ఇదియే యని నిశ్చయించుకొనెను. అతని ఆలోచనలోని సౌలభ్యమును తలచినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును. వ్యాధి జరుగునది ప్రేగు లోపలిభాగమున గదా. అట్లయినచో జీవులను పొట్టలోనికి గాక ప్రేగులోనికే ఏల పంపరాదు? మత్తు ఇచ్చిన కుందేలు పొట్టను తెఱచి, చిన్నప్రేగు ముక్కను తెంపకయే రెండువైపుల పట్టుదారముతో బిగించి కట్టి, ఆ నడిమిభాగములోనికి విషూచి జీవులను ఎక్కించి, పొట్టను కుట్టివేసి మఱునాడు తెఱచి చూచెను. ఆ ముడుల నడుమ ప్రేగు గాలిబూరవలె ఉబ్బియుండెను. చీల్చి చూడగా లోపల కడుగునీరు. మనుష్యుని మంచముక్రింద పాత్రలో కనబడు ద్రవమే కుందేలు ప్రేగులో పుట్టినది. సహచరునితో కలిసి 1953లో ఆ సంగతిని ప్రకటించెను.

అంతటితో ఆగలేదు. ఆ జీవులను ద్రవములో పెంచి, జీవియొక్కటియు మిగులకుండునట్లు వడగట్టి, ఆ నిర్జీవద్రవమునే ముడుల నడుమకు పంపెను. అప్పుడును ప్రేగు ఉబ్బెను. నీటిని పిండునది జీవి దేహము కాదు, జీవి విడిచిన విషము. 1959లో ‘నేచర్’ పత్రికలో అచ్చుపడిన ఆ వ్యాసము ఇంచుమించు ఒక పుటంత మాత్రమే. కాఖ్ కలకత్తాలో జీవిని వేఱుచేసిన 75 సంవత్సరములకు, అదే నగరమున, ఆ జీవి చేయు పని తెలిసినది. ఈ నడుమ 1956లో, విషూచి కానట్టి విరేచనరోగుల మలమునుండి తీసిన ఇతరజీవులను సైతము అదే ముడులలో పెట్టి, వానిలో కొన్నియు నీటిని పిండునని చూపెను. అనగా మలములో ఎవరున్నారని చూచుటతో తృప్తిపడక, ఉన్నవారు ఏమి చేయుదురని అడుగు పద్ధతిని అతడు సృష్టించెను.

అతని ప్రయోగములకు పెద్ద యంత్రములు లేవు. సూదియు, దారమును, వడపోతయు, ఓర్పును ఉండెను. 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టీన్ ఆ విషమును శుద్ధముగ వేఱుచేసెను. ప్రపంచమున విరేచనములను గూర్చి పరిశోధించువారందఱు డే ముడులను వాడుచుండిరి. 1978లో విషూచిని గూర్చి జరిగిన నోబెల్ సదస్సునకు అతనిని పిలిచిరి. జాషువా లెడర్‌బెర్గ్ వంటి శాస్త్రజ్ఞుడు అతని పేరును నోబెల్ బహుమానమునకు సూచించెను. స్వదేశమున ఏ విజ్ఞానపరిషత్తును అతనిని సభ్యునిగ ఎన్నుకొనలేదు. 1973లో ఉద్యోగము విరమించి, 1985లో గతించెను. ‘కరెంట్ సైన్స్’ పత్రిక అతనిని గూర్చి ప్రత్యేకసంచిక వెలువరించినది 1990లో. ఈ ఆలస్యము నా మనస్సున ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

రోగి ప్రాణమును నిలుపుటకు మాత్రము ఈ పరీక్షలన్నియు వేచియుండనక్కరలేదు. పోయిన నీటిని, ఉప్పును మరల లోనికి పంపవలెను. ఇరువదవ శతాబ్దారంభమున కలకత్తాలోనే లెనార్డ్ రోజర్స్ ఉప్పునీటిని నరములోనికి ఎక్కించి మరణములను ఎంతో తగ్గించెను. 1953లో హేమేంద్రనాథ ఛటర్జీ ఉప్పును, గ్లూకోసును కలిపిన నీటిని నోటితో త్రాగించి రోగులను బ్రదికించెను. 1971లో బన్‌గావ్ శరణార్థిశిబిరమున నరములోనికెక్కించు సీసాలు అయిపోయినపుడు దిలీప్ మహలనబీస్ ఆ నీటినే పీపాలనుండి పంచి, నూటికి ముప్పదివరకున్న మరణములను నాలుగింటికి లోపునకు దింపెను. మంచముమీది మనుష్యునికి కావలసినది ఆ నీరు. పరీక్ష కావలసినది ఊరికి: ఏ వీథి గొట్టము పగిలినది, ఏ చెరువును మూయవలెను, తరువాతి మంచము ఎవరికి?

ఆ పనికై 1962లో కలకత్తాలో విషూచి పరిశోధనకేంద్రమొకటి వెలసినది. 1979లో జాతీయ సంస్థగా పేరు మార్చుకొని, బేలేఘాటాలోని అంటువ్యాధుల ఆసుపత్రి ప్రక్కన అది నేడు నిలిచియున్నది. కేంద్రము వెలసి రెండేండ్లు గడచినంతనే పరీక్షకు పరీక్ష వచ్చినది: 1964లో ఎల్ టోర్ అను క్రొత్తతెగ కలకత్తాలో ప్రవేశించి పాతతెగను త్రోసివైచినది. రూపమున రెండును ఒక్కటే. వానిని భేదించి చెప్పుటకు శచీమోహన ముఖర్జీ, సూక్ష్మజీవులనే తిను వైరసు నొకదానిని పనిముట్టు చేసికొనెను. అది పాతతెగను కరగించును, ఎల్ టోర్‌ను ముట్టదు.

అంతకంటె గట్టి దెబ్బ 1992 చివరి మాసములలో తగిలినది. మొదట మద్రాసులోను, పిమ్మట కలకత్తాలోను రోగుల మలమునుండి పెరిగిన చుక్కలు పసుపుగనే యుండెను. కదలిక అదే, వంపు అదే, తక్కిన గుణములన్నియు అవే. కాని విషూచిని నిర్ణయించు ఓ-1 సీరమును కలిపినపుడు ఆ జీవులు గుమిగూడి గడ్డకట్టవలసియుండగా, ద్రవము పాలవలె సమముగనే నిలిచిపోయినది. ఆనాటి గ్రంథముల ననుసరించి ఓ-1 కానిది మహామారి కాజాలదు. పుస్తకమును నమ్మి, ఇది విషూచి కాదని చీటివ్రాసి పంపివేయుట సులువు. వార్డులో పెద్దవయసువారు సైతము కడుగునీరై పోవుచుండగా, బేలేఘాటా పరిశోధకులు పాత్రలోని సాక్ష్యమునే నమ్మిరి. అంతవరకు ఎఱిగిన 138 సీరమువర్గములలో దేనితోను అది కలియకపోవుటచే ఓ-139 అను క్రొత్తసంఖ్యను పొంది, ‘బెంగాల్’ అను బిరుదుతో లోకప్రసిద్ధమైనది. ఓ-1 నెఱిగిన దేహములకు దీనియెదుట రక్ష లేకపోయినది; అందుచేతనే పెద్దలును కూలిరి.

నేడు మలపరీక్ష అనినంతనే నగరవాసికి మఱియొక జీవి పేరు స్ఫురించును. 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అను వైద్యులు వెలికితీసి, పిమ్మట జీర్ణాశయపు పుండునకు కారణముగ నిలిపిన హెలికోబాక్టర్ పైలోరీని, గొట్టము మ్రింగనక్కరలేకుండ, మలములోని దాని ప్రోటీనును బట్టి పసిగట్టుచున్నారు. ఆ పరీక్ష ఫలితమును రోగి తన సంచిలో పెట్టుకొని ఇంటికి పోవును. అది అతని సొంతకాగితము. విషూచి కాగితము అట్లు కాదు.

బేలేఘాటా ఆసుపత్రి వార్డులో మంచముక్రింది పాత్రనుండి దూదిపుల్లతో తీసిన బొట్టు, మూతబిగించిన గొట్టములో, కొద్ది అడుగుల దూరముననే యున్న ప్రయోగశాలకు చేరును. సాయంకాలము దానిని ఆకుపచ్చని ఫలకముపై గీయుదురు. తెల్లవారగనే ఒకరు పెట్టె తలుపు తెఱచి, ఫలకమును వెలుతురునకెత్తి, పసుపుచుక్కలను లెక్కించి, చీటిపై రోగి పేరు ప్రక్కన అతడు ఏ వాడవాడో, ఏ కుళాయి నీరు త్రాగెనో వ్రాసియున్న గడిని చూచుదురు.